మరమ్మత్

ఉస్తాద్ చెప్పిన లెక్క ఇది. లెన్సులో పట్టిన ఫంగస్ తీసి తుడవడానికి పదిహేను వందలు. వెనక మూత అంచులకి, లోపల అద్దం వచ్చి తగిలే చోట ఉండే ఫోమ్ మార్చడానికి ఎనిమిది వందలు. షట్టర్ పని నాలుగున్నర వేలు. అన్నీ కలిపి ఆరు వేల ఎనిమిది వందలు. ఇదే కెమెరాని, ఇదే లెన్సుతో, "నడుస్తున్న కండిషన్" అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు పద్నాలుగు వేల నుంచి పద్దెనిమిది వేల దాకా అడుగుతున్నారు. అంకెలు మాత్రమే చూస్తే ఆలోచించడానికేం లేదు. నేను మాత్రం నెలన్నర ఆలోచించాను.

కెమెరా పెంటాక్స్ కె-1000. మా ఛోటే మామూ 1987లో జెద్దా నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చింది. ఆ రోజుల్లో మిర్యాలగూడలో మా గల్లీకి సౌదీ నుంచి వచ్చిన ప్రతివాడి పెట్టెలో ఒక టేప్ రికార్డర్, రెండు కంబళ్లు, అత్తరు, ఖజూర్ ఉండేవి. మామూ పెట్టెలో టేప్ రికార్డర్ లేదు. దాని బదులు తోలు కవర్‌లో ఈ బరువైన సామాను. "ఇదేం షౌఖ్ రా" అని నానా నారాజ్ అయ్యాడట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పెంటాక్స్ కంపెనీ దీన్ని 1976లో మొదలుపెట్టి 1997 దాకా దాదాపు మార్పు లేకుండా తయారుచేసింది. తానంతట తానే ఏదీ చేయదు. ఫోకస్ మనమే తిప్పాలి, ఎక్స్‌పోజర్ మనమే పెట్టాలి, రీలు మనమే తిప్పాలి. టైమర్ కూడా లేదు. చిన్న బొత్తం బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది లోపలి మీటర్ సూది కోసమే. బ్యాటరీ అయిపోయినా కెమెరా ఆగదు, ఎందుకంటే షట్టర్ మొత్తం స్ప్రింగుల మీద నడుస్తుంది. మీటర్‌కి స్విచ్ లేదు. లెన్సు మూత తీసి ఉంచితే వెలుతురు తగిలినంతసేపూ సూది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే మామూ నోట ఎప్పుడూ ఒకటే మాట: "మూత పెట్టు, బ్యాటరీ తింటది." మామూ ఇంతెఖాల్ అయ్యి ఇన్నేళ్లయినా ఏ కెమెరా ముట్టుకున్నా ఆ గొంతు వినిపిస్తుంది.

2001లో నేను ఒక తెలుగు పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌గా చేరినప్పుడు మామూ దీన్ని నా చేతికిచ్చాడు. ఇవ్వడం అంటే ఇచ్చేయడం కాదు. "అమానత్" అన్నాడు. లైన్ అకౌంట్ మీద బతికే రోజులు. ముప్పై ఆరు ఫ్రేముల రోల్‌ని వారం నడిపించాలి. ధర్నా అయితే రెండు, యాక్సిడెంట్ అయితే మూడు, మంత్రి వస్తే నాలుగు, అంతే. సాయంత్రం రోల్‌ని డబ్బాలో పెట్టి, కవర్ మీద బ్యూరో పేరు రాసి, నల్లగొండ బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేవాణ్ణి. అటువైపు ఎవరో బస్టాండ్‌లో కాచుకుని తీసుకునేవాళ్లు. మర్రిగూడలో ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినవాళ్లని నేను చూసింది ఈ కెమెరా కన్నులోంచే. 2005లో ఆఫీసు డిజిటల్ కెమెరా ఇచ్చాక, తుడిచి, కవర్‌లో పెట్టి, మామూకి వాపస్ చేశాను. 2013లో మామూ పోయాడు. పోయిన సంవత్సరం రంజాన్‌కి ఇంటికెళ్తే మామీ బీరువాలోంచి తీసి ముందు పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు బేటా. మర్చిపోలేదు, ఇయ్యాలంటే మనసు రాలేదు" అంది.

ఉర్దూ మీడియం స్కూల్లో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది. ఏ మాట విన్నా అది ఎవరింటి నుంచి వచ్చిందో వెతుకుతాడు. మరమ్మతు అన్నది మన పంచాయతీ తీర్మానాల్లో, రోడ్లు భవనాల శాఖ టెండర్లలో ఎంత తెలుగైపోయిందంటే, అది అరబీ నుంచి ఫారసీ మీదుగా ఉర్దూలోకి, అక్కణ్ణుంచి మన చెరువు కట్టల దాకా వచ్చిందని చెప్తే మా డిగ్రీ క్లాసులో ఎవరూ నమ్మలేదు. ఉర్దూలో దానికి ఇంకో అర్థం కూడా ఉంది. "ఉస్కీ మరమ్మత్ హో గయీ" అంటే వాడికి బాగా దెబ్బలు పడ్డాయని. మా స్కూల్లో మౌల్వీ సాబ్ చేతి బెత్తం పేరు మరమ్మత్. ఇంకొకటి. మసీదు వాట్సాప్ గ్రూపులో తరచూ తిరిగే మెసేజ్ ఒకటుంది, కెమెరా అనే మాట అరబీలోని "ఖమ్రా" నుంచి పుట్టిందని. కాదు, అది లాటిన్ మాట, గది అని అర్థం. మనం గదిని కమ్రా అంటాం చూడండి, అది పోర్చుగీసు వాళ్లు తెచ్చిన అదే మాట. కమ్రా, కెమెరా అక్కాచెల్లెళ్లు. బస్రాలో పుట్టి ఖాహిరాలో రాసిన ఇబ్న్ అల్ హైసమ్, చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు గురించి వెయ్యేళ్ల కింద రాసిపెట్టాడు. అది చాలదా, మాట కూడా మనదే కావాలా?

సరే, కెమెరాకి ఏమైందో చెప్తాను.

పదకొండేళ్లు తోలు కవర్‌లో, బీరువా చీకట్లో ఉంది. తోలు తేమని పట్టుకుంటుంది. లెన్సు లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి సన్నని గీతలు, అదే ఫంగస్. అంచుల్లోనే ఉంది, అద్దం పూతని ఇంకా తినలేదు. ఫోమ్ తారులా కరిగి వేలికి అంటుకుంటోంది. ఏ కంపెనీదైనా ఆ కాలం కెమెరాలన్నిటికీ ఇదే గతి. ఈ రెండూ పెద్ద జబ్బులు కావు. అసలు జబ్బు షట్టర్‌ది. ఇందులో రబ్బరు పూసిన గుడ్డ పర్దాలు రెండు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతాయి. వేగం ఎక్కువ పెట్టినప్పుడు రెండింటి మధ్య సన్నని సందు మాత్రమే ఉంటుంది. ఆ సందు ఫిల్మ్ మీదుగా జారుతూ పోతేనే బొమ్మ పడుతుంది. స్ప్రింగు పట్టు వదిలినా, నూనె గట్టిపడినా, వెనక పర్దా ముందుదాన్ని దారిలోనే అందుకుంటుంది. సందు మూసుకుపోతుంది. ఫ్రేములో ఒక పక్క నల్లగా మిగిలిపోతుంది. వెనక మూత తెరిచి, కిటికీ వైపు పెట్టి, 1/1000 మీద నొక్కి చూస్తే కంటికే కనిపించింది. 1/500 మీద కొంచెం. 1/250 నుంచి కిందికి బాగానే ఉంది.

కోఠీ గల్లీల్లో ఇలాంటివి చూసే ఉస్తాద్‌లు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. ఇప్పుడు వెతుక్కోవాలి. ఈయన డెబ్బై దాటినవాడు. మేడ మీద చిన్న గది, టేబుల్ లైటు, కంటికి బిగించిన భూతద్దం. కొడుకు కింద దుకాణంలో మొబైల్ స్క్రీన్లు మారుస్తాడు. ఉస్తాద్ లీవర్‌ని రెండుసార్లు లాగి, చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ చప్పుడు విన్నాడు. హకీం నాడి చూసినట్టు. "పర్దా ఢీలా హో గయా మియా" అన్నాడు. బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ గుడ్డ మీది రబ్బరు ఎండిపోయి సన్నగా పగుళ్లు పడుతోంది, మార్చడమే మంచిదన్నాడు. కొత్త పర్దాలు ఎక్కడా దొరకవు. ఇంకో కె-1000 లోంచి తీయాలి.

ఒక సొరుగు లాగాడు. నిండా చచ్చిన కెమెరాలు. జెనిత్‌లు, యాషికాలు, నికాన్‌లు. కొన్నిటికి కళ్లు లేవు, కొన్నిటికి పై కప్పు లేదు. అందులోంచి ఒక కె-1000 తీశాడు. కిందపడి పైనున్న ప్రిజం పగిలింది, షట్టర్ మాత్రం గట్టిగా ఉంది. తిప్పి చూస్తే కింది రేకు మీద సూదితో గీసిన రెండు ఉర్దూ అక్షరాలు: మీమ్, ఐన్. అది కూడా ఏ జెద్దా నుంచో, దమ్మామ్ నుంచో ఎవరి పెట్టెలోనో వచ్చి ఉంటుంది. దాన్ని కోసి దీనికి ప్రాణం పోయాలి. గుండె మార్పిడి లాంటిదే అనుకుంటే సరిపోవాలి, అయినా నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. గ్యారంటీ ఎంతకాలం అని అడిగితే ఉస్తాద్ నవ్వి, "గారంటీ మేరీచ్ నై హై మియా, కెమెరే కీ క్యా దూఁ" అన్నాడు.

ఇంట్లో మా బేగం లెక్క వేరే. ఆరు వేల ఎనిమిది వందలంటే పాప కోచింగ్ ఫీజులో ఒక వాయిదా. ఆ మాట తేలిగ్గా తీసేసేది కాదు. కెమెరా మీద పెట్టేది ఒకసారితో అయిపోదు కూడా. రంగుల రోల్ ఒకటి ఇప్పుడు వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. కడిగించి, స్కాన్ చేయిస్తే ఇంకో నాలుగైదొందలు. అంటే బటన్ నొక్కినప్పుడల్లా నలభై రూపాయలు. ఊటీలో మన ప్రభుత్వ ఫ్యాక్టరీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ నడిచిన రోజుల్లో ఇందూ రోల్స్ దొరికేవి. అది మూతపడింది. ఇక కోడక్, ఇల్ఫోర్డ్‌ల దయ.

మా పాప ఫోన్‌లో ఒక యాప్ చూపించింది. ఏ ఫోటోకైనా పాత ఫిల్మ్ రంగు, గీతలు, మరకలు వేస్తుంది. "మీకు కావాల్సింది ఇదే కదా" అంది. కాదని చెప్పడానికి నాకు కాసేపు మాట దొరకలేదు. ఎందుకంటే ఫిల్మ్ బొమ్మలో ఏదో జాదూ ఉందని చెప్పేవాళ్లలో నేను లేను. రాత్రి వెలుతురులో నా ఫోన్ తీసే ఫోటో ఈ కెమెరా జన్మలో తీయలేదు. ఇరవై ఏళ్లుగా డిజిటల్‌తోనే నా రోజీ రోటీ. ఫోటోగ్రాఫర్ దోస్త్ ఒకడు "షోకేసులో పెట్టుకో, యాద్ ఉంటుంది" అన్నాడు. అదీ నాకు పడదు. పనిచేసే సామానుని అద్దాల వెనక పెట్టడమంటే కఫన్ చుట్టడమే.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, కొత్త ఫిల్మ్ కెమెరాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నికాన్ తన చివరి ఫిల్మ్ కెమెరా ఎఫ్-6ని 2020లో ఆపేసింది. లైకా ఇంకా చేస్తోంది, దాని ధరకి ఇక్కడ ప్లాటుకి అడ్వాన్స్ ఇవ్వొచ్చు. పెంటాక్సే 2024లో పెంటాక్స్-17 అని ఒకటి తెచ్చింది. సగం ఫ్రేము కెమెరా, ముప్పై ఆరు రోల్ మీద డెబ్బై రెండు వస్తాయి. వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర అయిదు వందల డాలర్లు. చాలా చాలాకీగా చేశారు, కానీ లెన్సు మారదు, ఫోకస్ అంచనా మీదే. మిగిలింది పాతదాని బదులు ఇంకో పాతది కొనడం. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న కె-1000 కూడా నలభై ఏళ్లదే అవుతుంది. దాని పర్దా ఎప్పుడు ఢీలా అవుతుందో అమ్మినవాడికి కూడా తెలియదు. పైగా చివరి సంవత్సరాల్లో చేసినవాటికి లోహం బదులు ప్లాస్టిక్ తొడుగులు వేశారు. మన దగ్గరున్నదాని జబ్బు మనకి తెలుసు, అది కూడా ఒక ధీమానే.

నాలుగో దారి ఒకటుంది. ఫంగస్, ఫోమ్ మాత్రం చూసుకుని, షట్టర్‌ని అలాగే వదిలేయడం. మన ఎండలో 100 ఐఎస్‌ఓ ఫిల్మ్ వేసి ఎఫ్/16 పెడితే 1/125 చాలు. ఆ వేగం మీద ఈ కెమెరాకి ఏ జబ్బూ లేదు. 1/1000తో నాకేం పని, క్రికెట్ తీయాలా? రెండు వారాలు దీనికే ఖరారయ్యాను. కానీ పగుళ్లు పడిన పర్దాకి సూదిమొన అంత రంధ్రం చాలు, ఫ్రేము మీద చుక్క పడుతుంది. నేను తీయాలనుకున్న ఫోటోల్లో చుక్క పడితే మళ్లీ తీస్తానన్న మాట ఉండదు.

ఆ ఫోటోల సంగతి చెప్పాలి.

మా నానీకి తస్వీర్ అంటే గునా. ఉలమాల్లో ఈ విషయం మీద ఇఖ్తెలాఫ్ ఎప్పటి నుంచో ఉంది. చేత్తో గీసిన బొమ్మ వేరు, ఇది అద్దంలో కనిపించే అక్స్ లాంటిదే కదా అని కొందరు. అద్దంలోది నిలవదు, ఇది నిలుస్తుంది, అందుకే ఇదీ తస్వీరే అని ఇంకొందరు. జరూరత్ ఉంటే జాయజ్ అని చాలామంది. ఉర్దూలో ఫోటోగ్రఫీని అక్కాసీ అంటారు, అక్స్ నుంచి వచ్చింది. నా డిగ్రీ పుస్తకాల్లో అది ఛాయాచిత్రం. ఒక భాష నీడ అంది, ఒక భాష ప్రతిబింబం అంది. నానీ ఈ గొడవల్లోకి పోలేదు, వద్దంటే వద్దు. 1989లో హజ్ దరఖాస్తుకి ఫోటో తప్పదంటేనే ఒప్పుకుంది. స్టూడియోకి రానంది. గైర్ మర్ద్ ముందు ముఖం తీయనంది. మామూ ఆ సెలవులో ఇంట్లోనే ఉన్నాడు. ఆంగన్‌లో తెల్ల చాదర్ కట్టి, తల్లిని కూర్చోబెట్టి, ఈ కెమెరాతో మూడు ఫ్రేములు తీశాడు. తీశాక నానీ అడిగిందట, "మరి కడిగేవాడు చూడడా?" అని. మామూ రోల్ తీసుకుని తన దోస్త్ స్టూడియోకి వెళ్లి, డార్క్‌రూమ్‌లో తనే నిలబడి కడిగి, ప్రింట్లు వేసి, నెగటివ్ తెచ్చి తల్లి చేతికే ఇచ్చాడు. అది ఆమె సందూక్‌లో, ఖురాన్ జుజ్‌దాన్ కింద ఉండేది.

ఆ తర్వాత మా ఖాన్‌దాన్‌లో ఆడవాళ్ల ఫోటోలన్నీ ఇలాగే. తీసేవాడు కొడుకో, తమ్ముడో, మేనల్లుడో అవ్వాలి. మా అమ్మీకి మామూ సొంత తమ్ముడు. ఆయన తర్వాత నేను. నవ్వుకోకండి, ఇది మా గల్లీ పిచ్చి కాదు. లాలా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో 1892లో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు మహిళని దానికి పెద్దని చేశాడు. ఆరో నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ అని ఖితాబ్ ఇచ్చింది దానికి రెండేళ్ల తర్వాత. నవాబుల ఇళ్లకి జనానా స్టూడియో. మా ఇంటికి ఈ పెంటాక్స్.

ఫోన్ వచ్చాక ఇదంతా ఆగిపోయింది. పెళ్లిలో ఎవరైనా ఫోన్ ఎత్తితే అమ్మీ దుపట్టా లాక్కుని ముఖం తిప్పేస్తుంది. ఆమెకి ఇప్పుడు డెబ్బై నాలుగు. "అది ఎటు పోతదో నీకు తెల్వది, నాకు తెల్వది" అంటుంది. జర్నలిస్టుగా ఇరవై నాలుగేళ్లు పనిచేసి చెప్తున్నా, ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు. నెగటివ్ సందూక్‌లో ఉందంటే సందూక్‌లోనే ఉంది. ఫోన్‌లోది ఎన్నిచోట్ల ఉందో నేను హామీ ఇవ్వలేను. ఆమె ముఖం నేను చివరిసారి తీసింది 2004లో. అప్పటికి జుట్టు నల్లగా ఉంది.

ఇంకో కె-1000 కొంటే కూడా అమ్మీకి తేడా తెలియకపోవచ్చు. రెండూ ఒకేలా ఉంటాయి. నాకు తెలుస్తుంది. మామూ అమానత్ అన్నది ఇస్తెమాల్ చేయమనే కానీ దాచమని కాదు. దాన్ని పక్కన పెట్టి అదే రూపంలో వేరేది తేవడం నాకు నిజాయితీగా అనిపించలేదు. షట్టర్ మార్చమని ఉస్తాద్‌కి చెప్పాను. మీమ్-ఐన్ కెమెరా పర్దాలు వేయమన్నాను. దాని కింది రేకు మాత్రం నాకిచ్చేయమన్నాను. ఉస్తాద్ వింతగా చూశాడు కానీ ఇస్తానన్నాడు. బేగంకి కోచింగ్ వాయిదా ఈ నెలే కట్టేశాను, కెమెరా డబ్బు రెండు సండే ఆర్టికల్స్ నుంచి.

రంగుల రోల్ వేసే ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు ల్యాబులు కడిగి, స్కాన్ చేసి, లింక్ పంపిస్తాయి. అంటే నానీ అడిగిన ప్రశ్నే మళ్లీ మొదటికొస్తుంది. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడగొచ్చు. డెవలపింగ్ ట్యాంక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. డి-76 పొడి కలిపి, ఫిక్సర్ తెచ్చుకుంటే అయిపోతుంది. మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లే ముప్పై దాటుతాయి. బకెట్‌లో ఐసు వేసి, సీసాని అందులో నిలబెట్టాలి. పాత రోల్ ఒకటి పాడుచేసి చేతికి అలవాటు చేసుకుంటున్నాను.

అమ్మీకి ఫోన్‌లో చెప్పాను. మొదట ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రంగులుండవా?" అంది. ఉండవన్నాను. "నెగటివ్ నాకే ఇయ్యాలె" అంది. సరేనన్నాను. జుమ్మా వద్దు, శనివారం రమ్మంది. పొద్దున్నే, ఎండ ఆంగన్‌లోకి దిగకముందే. అదే ఫోన్‌లోంచి ఖాలాని కూడా అడిగిందట, నువ్వూ వచ్చి కూర్చో అని. ఖాలాకి ఎనభై నడుస్తోంది, ఆధార్ ఫోటో తప్ప ఆమెది ఇంకోటి లేదు. ఆలోచించి చెప్తానందట. ఉస్తాద్ మూడు వారాలు అడిగాడు.